ఏనుగు పక్కన పగడం: ఇంటి తొట్టెలో చట్టం చూడని తేడా

దల్మా అడవుల నుంచి దిగివచ్చి ఖరగ్‌పూర్ అటవీ డివిజన్ పొలాల మీద పడే ఏనుగుల మంద వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. అదే ఊళ్లో ఒక రైల్వే క్వార్టర్ ముందుగదిలో, ఉప్పునీటి అక్వేరియంలో, బొటనవేలంత రాతి పగడం ముక్క ఉందనుకుందాం. అదీ అదే షెడ్యూలులో ఉంది. నేరం రుజువైతే శిక్షా అదే: కనీసం మూడేళ్ల జైలు, గరిష్ఠంగా ఏడేళ్లు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా. ఆ ముక్కను అండమాన్ దిబ్బ నుంచి విరిచి తెచ్చారా, లేక తొట్టెలోనే ఏళ్ల తరబడి పెరిగిన కాలనీ నుంచి కోసి ఇచ్చారా అన్న ప్రశ్నకు ఆచరణలో చోటు లేదు.

దిబ్బల దోపిడీని ఆపడానికి రాసిన నిబంధన, పగడాలు పెంచే నేర్పును కూడా చీకట్లోకి నెట్టింది. సముద్రాలు వేడెక్కి దిబ్బలు తెల్లబారుతున్న ఈ కాలంలో ఆ నేర్పు దేశానికి అవసరం. చట్టాన్ని వదులు చేస్తే సరిపోతుందనుకుంటే పొరపాటే. కావలసింది వేరు: ఒక పగడం ఎక్కడి నుంచి వచ్చిందో నిజాయితీగా రుజువు చేసుకోగలిగే దారి చట్టంలో ఉండాలి. ఇప్పుడది లేదు.

ఉంగరంలో పగడం వేరు, తొట్టెలో పగడం వేరు

తెలుగులో పగడం అనగానే గుర్తొచ్చేది నవరత్నాల్లోని ఎర్ర పగడం. కుజదోషానికి ఉంగరంలో పెట్టుకునే ఆ పగడం ప్రధానంగా మధ్యధరా సముద్రపు లోతుల్లో పెరిగే వేరే జాతి. నగల వ్యాపారంలో అది బాహాటంగానే దొరుకుతుంది. దిబ్బలు కట్టే రాతి పగడాలకూ దానికీ చుట్టరికం దూరమే.

రాతి పగడాలను శాస్త్రవేత్తలు స్క్లెరాక్టీనియా అంటారు. ఒక్కో పాలిప్ చిన్న సంచి లాంటి జీవి. నీటిలోని కాల్షియాన్ని, కార్బొనేట్‌ను తీసుకుని తన కింద సున్నపు గిన్నె కట్టుకుంటుంది. వేల పాలిప్‌లు కలిస్తే కాలనీ, వేల ఏళ్ల కాలనీలు కలిస్తే దిబ్బ. పాలిప్ కణజాలంలో సూక్ష్మమైన శైవలాలు కాపురముంటాయి. పగడానికి కావలసిన శక్తిలో అధిక భాగం వాటి కిరణజన్య సంయోగక్రియ నుంచే వస్తుంది. రంగు కూడా చాలావరకు వాటి పుణ్యమే. వేసవిలో సాధారణంగా ఉండే గరిష్ఠ ఉష్ణోగ్రత కంటే నీరు ఒక్క డిగ్రీ ఎక్కువ వేడెక్కి, వారాల పాటు అలాగే ఉంటే పగడం ఆ శైవలాలను బయటికి నెట్టేస్తుంది. తెల్లబారడం అంటే అదే. అప్పటికి పగడం చావలేదు, కానీ పస్తుంటోంది. వేడి తగ్గకపోతే చస్తుంది.

భారతదేశంలో ఈ దిబ్బలు ప్రధానంగా నాలుగు చోట్ల ఉన్నాయి: కచ్ సింధుశాఖ, మన్నార్ సింధుశాఖ–పాక్ అఖాతం, అండమాన్ నికోబార్ దీవులు, లక్షద్వీప్. బెంగాల్ తీరంలో లేవు. హుగ్లీ, సువర్ణరేఖ నదులు మోసుకొచ్చే ఒండ్రు, మంచినీరు పగడానికి గిట్టవు. గోదావరి, కృష్ణా ముఖద్వారాల దగ్గరా అదే కథ. ఖరగ్‌పూర్‌కు దగ్గరి సముద్రం నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలోని దీఘా. అక్కడి బురద నీళ్లు తెచ్చి తొట్టెలో పోసినా పగడం బతకదు.

లోతట్టు ఊళ్లో సముద్రం

మరి సముద్రానికి ఇంత దూరంలో రాతి పగడాన్ని పెంచడం సాధ్యమేనా? సాధ్యమే. అది అదృష్టంతో అయ్యే పని కాదు, పూర్తిగా లెక్కల పని.

మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు ఉన్న తొట్టెలో దాదాపు 190 లీటర్ల నీరు పడుతుంది. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అంటే మొదటిసారి నింపడానికే దాదాపు ఏడు కిలోల కృత్రిమ సముద్రపు ఉప్పు కావాలి. వారానికి పదోవంతు నీరు మార్చాలంటే ప్రతిసారీ మరో ముప్పావు కిలో. ఆ ఉప్పు కలిపే నీరు కుళాయి నుంచి నేరుగా పట్టకూడదు. ఖరగ్‌పూర్ ఎర్రమట్టి నేల. ఇలాంటి లాటరైట్ నేలల్లో బోరునీటిలో ఇనుము ఎక్కువగా ఉండటం మామూలే. అందుకే ఆర్వో యంత్రం, దాని తర్వాత అయాన్లను తొలగించే రెజిన్ గొట్టం తప్పనిసరి. చేపల జబ్బులకు వాడే రాగి మందు కూడా పగడానికి విషమే. చేపలకు వైద్యం చేయాలంటే వేరే తొట్టెలోనే చేయాలి.

ఆ తర్వాత రోజువారీ రసాయనశాస్త్రం. పగడం రోజూ సున్నం కట్టుకుంటుంది కాబట్టి నీటిలో కాల్షియం, క్షారత రోజూ తగ్గుతాయి. కాల్షియం లీటరుకు 400 నుంచి 450 మిల్లీగ్రాముల మధ్య, మెగ్నీషియం 1,300 దగ్గర నిలకడగా ఉండాలి. ఆవిరైన నీటి స్థానంలో మంచినీరే పోయాలి, ఎందుకంటే ఉప్పు ఆవిరి కాదు. ఆ మంచినీటిలో సున్నం కలిపి, తేరిన తర్వాత పైతేటను బొట్టుబొట్టుగా తొట్టెలోకి వదలడం ప్రపంచమంతా వాడే పాత పద్ధతి. తాంబూలం వేసుకునే ఇంట్లో అందరికీ తెలిసిన సున్నపు తేటే అది. కాకపోతే ఇక్కడ వాడే సున్నం కల్తీ లేనిదై ఉండాలి, కొలత తప్పకూడదు.

అసలు పరీక్ష వేసవిలో వస్తుంది. నీరు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. మే నెల ఖరగ్‌పూర్‌లో పాదరసం 40 దాటడం కొత్త కాదు. గాలిలో తేమ తక్కువున్న రోజుల్లో ఫ్యాను గాలి నీటిని కొంత చల్లబరుస్తుంది. ఉక్కపోత మొదలయ్యాక చిల్లర్ లేకుండా కుదరదు. కాలబైశాఖి గాలివాన వచ్చి కరెంటు పోతే పంపులు ఆగిపోతాయి. కదలని నీటిలో ప్రాణవాయువు గంటల్లో పడిపోతుంది. ఇన్వర్టర్ మీద కనీసం ఒక పంపు నడిచే ఏర్పాటు లేని ఇంట్లో రాతి పగడం పెట్టడమంటే దాన్ని చంపడమే.

ఇంత కథ చెప్పడానికి కారణముంది. ఇంత శ్రమపడి పగడాన్ని నిలబెట్టిన మనిషి దగ్గర రెండేళ్ల తర్వాత ఒక్క ముక్క పది ముక్కలవుతుంది. కొమ్ముల ఆకారంలో పెరిగే అక్రోపోరా జాతులు మంచి పరిస్థితుల్లో ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. కొమ్మను కోసి పింగాణీ బిళ్ల మీద అంటిస్తే అది కొత్త కాలనీ. దిబ్బ నుంచి ఒక్క ముక్కయినా తీయనక్కర లేకుండా ఈ అభిరుచి సాగగలదు. చట్టం గుర్తించనిది సరిగ్గా ఈ సంగతినే.

చట్టం ఏమంటోంది

రాతి పగడాలన్నిటినీ 2001లో మొదటి షెడ్యూలులో చేర్చారు. నల్ల పగడాలు, అగ్ని పగడాలు, ఆర్గాన్ పైపు పగడం, సముద్రపు విసనకర్రలుగా పేరున్న గోర్గోనియన్లు కూడా వాటితోపాటే చేరాయి. ఆ నిర్ణయానికి గట్టి కారణమే ఉంది. మన్నార్ సింధుశాఖలో దశాబ్దాల పాటు పగడాన్ని సున్నం కోసం, సిమెంటు కోసం, కట్టడాల కోసం తవ్వి పడవలకెత్తారు. అక్కడి 21 దీవుల్లో రెండు నీటమునిగాయి. అలంకారానికి అమ్మే ఎండు పగడాల వ్యాపారం మరో వైపు. జాతి జాతికీ తేడా చూడకుండా మొత్తం వర్గాన్నే నిషేధించడం ఆనాటికి సబబు. సంచిలోని ముక్క ఏ జాతిదో తేల్చుకోవడం ఫారెస్టు గార్డుకు సాధ్యం కాదు. దేశంలో నమోదైన రాతి పగడాల జాతులు 500కు పైనే ఉన్నాయి.

చట్టంలోని మరో నిబంధన ప్రకారం, ఎవరి దగ్గరైనా ఇలాంటి జీవి దొరికితే అది అక్రమంగా ఉంచుకున్నదేనని న్యాయస్థానం భావించాలి. కాదని రుజువు చేసుకోవలసింది నిందితుడే. పులిచర్మం విషయంలో ఇది న్యాయం. తొట్టెలో పెరిగిన పగడం విషయంలో మాత్రం, రుజువు చేసుకోవడానికి ఏ కాగితం పనికొస్తుందో చెప్పకుండానే రుజువు అడిగినట్టవుతుంది.

రెండు కిటికీలు, రెండూ మూతే

విదేశీ జంతువుల్ని ఇళ్లలో పెంచుకునేవారి కోసం కేంద్రం గత కొన్నేళ్లలో రెండుసార్లు కిటికీ తెరిచింది. 2020 జూన్‌లో పర్యావరణ మంత్రిత్వశాఖ స్వచ్ఛంద ప్రకటన పథకం తెచ్చింది. అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందమైన సైటిస్ అనుబంధాల్లోని జీవులు తమ దగ్గర ఉన్నాయని ఆరు నెలల్లోగా చెప్పుకుంటే పత్రాలు అడగబోమంది. మకావ్ చిలుకలు, ఇగ్వానాలు పెంచేవారు దాన్ని వాడుకున్నారు. రాతి పగడాలు కూడా సైటిస్ రెండో అనుబంధంలో ఉన్నవే. కానీ మన చట్టం షెడ్యూళ్లలో ఉన్న జీవులకు ఈ పథకం వర్తించదని అందులోనే ఉంది. రాతి పగడాలన్నీ మొదటి షెడ్యూలులో ఉన్నాయి కాబట్టి ఒక్కటీ మిగల్లేదు.

తర్వాత 2022లో చట్టాన్ని సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ సవరణ సైటిస్ జీవులకు నాలుగో షెడ్యూలు కేటాయించింది. 2024 ఫిబ్రవరి 28న వచ్చిన నియమాలు అలాంటి జీవులున్నవారు పరివేశ్ పోర్టల్‌లో ఆరు నెలల్లోగా నమోదు చేసుకోవాలన్నాయి. ఇక్కడా అదే అడ్డంకి. ఒకే జీవి మొదటి షెడ్యూలులోనూ నాలుగో షెడ్యూలులోనూ ఉంటే మొదటి షెడ్యూలు నిబంధనలే వర్తిస్తాయి. ఆఫ్రికా చిలుకను పెంచుకునే మనిషికి నమోదు పత్రం దొరికింది. ఆస్ట్రేలియా పగడపు ముక్కను పెంచే మనిషికి దొరకలేదు.

ఫలితం ఊహించదగిందే. వ్యాపారం మాయం కాలేదు, కనిపించకుండా పోయింది. ఉత్తర కోల్‌కతాలోని గాలిఫ్ స్ట్రీట్ ఆదివారపు సంత తూర్పు భారతంలో అక్వేరియం అభిరుచికి ముఖ్య చిరునామా. హౌరా నుంచి ఖరగ్‌పూర్ 115 కిలోమీటర్లు, లోకల్ రైలు దూరం. ప్రాణవాయువు నింపిన ప్లాస్టిక్ సంచుల్లో రంగు చేపలు ఈ దారిలో రోజూ ప్రయాణిస్తాయి. అలాంటి సంచిలో ఒక పగడపు ముక్క చేరితే తేడా పట్టేది ఎవరు? వన్యప్రాణుల దొంగ రవాణాపై రైల్వే రక్షణ దళం 'ఆపరేషన్ విలెప్' పేరుతో తనిఖీలు చేస్తోంది. కానీ పత్రమున్న ముక్క అంటూ ఏదీ లేనప్పుడు తనిఖీదారుకు మిగిలేది రెండే దారులు: మొత్తం చూసీచూడనట్టు వదిలేయడం, లేదా అందరినీ పులిచర్మం వ్యాపారుల జాబితాలో కట్టడం.

కోనసీమ నుంచో శ్రీకాకుళం నుంచో తాతల కాలంలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో పనికి వచ్చి మథురాకాటి, నీంపురా వంటి చోట్ల స్థిరపడిన తెలుగు కుటుంబాలకు రైల్వే ఉద్యోగమే ఆధారం. అలాంటి ఇంట్లో ఒక కుర్రాడు సరదాకు కొన్న ముక్క మీద క్రిమినల్ కేసు పడితే దెబ్బ తొట్టెతో ఆగదు, ఉద్యోగం దాకా పాకుతుంది. అమ్మేవాడు మాత్రం ఈ సంగతి కొనేవాడికి చెప్పడు.

దిబ్బలకు తొట్టెల అవసరం

ఇదంతా కొందరు అభిరుచిపరుల గొడవే అయితే ఇంత చర్చ అక్కరలేదు. ప్రపంచ పగడాలు చరిత్రలో నాలుగోసారి విశ్వవ్యాప్తంగా తెల్లబారుతున్నాయని అమెరికా సముద్ర సంస్థ నోవా 2024 ఏప్రిల్‌లో ప్రకటించింది. ఏడాది తిరిగేసరికి ప్రపంచంలోని దిబ్బల్లో 84 శాతం ఆ స్థాయి వేడికి గురయ్యాయని తేలింది. లక్షద్వీప్‌లోనూ పగడాలు పెద్దఎత్తున తెల్లబారాయని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ 2024 మేలో చెప్పింది. జాతీయ పార్కు సరిహద్దు గీసినంత మాత్రాన వేడినీరు ఆగదు.

ఇలాంటి ఆపదలో బయటి దేశాలు తొట్టెల వైపు చూశాయి. 2014లో మయామీ దగ్గర బయటపడిన ఒక జబ్బు ఫ్లోరిడా రాతి పగడాలను వరసగా తినేస్తుంటే, ఇంకా సోకని కాలనీలను తీసి దేశమంతటా జంతుప్రదర్శనశాలల్లో, అక్వేరియంలలో దాచారు. వాటిలో నెబ్రాస్కాలోని ఒమాహా జూ కూడా ఉంది. అక్కడికి సముద్రం వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరం. లండన్‌లోని హార్నిమన్ మ్యూజియం అక్వేరియంలో కృత్రిమ వెన్నెల, ఋతువుల ఉష్ణోగ్రతలు కల్పించి పగడాలు అనుకున్న సమయానికి గుడ్లు విడిచేలా చేశారు. 2019లో ఫ్లోరిడా అక్వేరియం అంతరించే దశలో ఉన్న స్తంభపు పగడంతో అదే సాధించింది. ఈ విజయాల వెనకున్న ఎల్ఈడీ దీపాలు, స్కిమ్మర్లు, కాల్షియం మోతాదు పంపులు చాలావరకు ఇంటి తొట్టెల అభిరుచి మార్కెట్టులో ముదిరినవే.

మన దేశంలోనూ ప్రయత్నాలున్నాయి. తూత్తుకుడి తీరంలో పగడాల మార్పిడి నాట్లు రెండు దశాబ్దాలుగా సాగుతున్నాయి. మిఠాపూర్ దగ్గర జూలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, గుజరాత్ అటవీశాఖ కలిసి 2020లో బయోరాక్ పద్ధతి మొదలుపెట్టాయి. ఇవన్నీ సముద్రంలోనే జరిగే పనులు. సముద్రమే వేడెక్కినప్పుడు ఒడ్డున భద్రంగా దాచుకునే మొక్కలమడి లాంటిది, దాన్ని నడపగలిగిన నేర్పరుల సంఖ్య మాత్రం మన దగ్గర చాలా తక్కువ.

ఎర్రచందనం చెప్పే పాఠం

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటుంది. సాగు పగడానికి తలుపు తెరిస్తే దిబ్బ పగడం అదే తలుపులోంచి జారిపోదా? దిబ్బ నుంచి విరిచిన కొమ్మను పింగాణీ బిళ్ల మీద అంటించి నాలుగు నెలలు ఉంచితే, కింద కణజాలం పాకి అచ్చం తొట్టెలో పుట్టినట్టే కనిపిస్తుంది. ఇది ఊహకు అందని మోసం కాదు. పగడాల ఎగుమతిలో అగ్రస్థానంలో ఉన్న ఇండోనేసియా 2018లో ఎగుమతులే ఆపేసి, తర్వాత సాగు పగడాలకు మాత్రం మళ్లీ అనుమతినిచ్చింది.

తెలుగువారికి ఈ చిక్కు కొత్త కాదు. శేషాచలం అడవుల ఎర్రచందనం దుంగకూ, రైతు తన పట్టాభూమిలో నాటి పెంచిన దుంగకూ కంటికి తేడా తెలియదు. అయినా 2019లో కేంద్రం ప్రైవేటు భూముల్లో పండించిన ఎర్రచందనం ఎగుమతికి విధానం మార్చింది. 2023 నవంబరులో సైటిస్ కూడా ఎర్రచందనం విషయంలో భారత్‌ను ప్రత్యేక సమీక్ష నుంచి తప్పించింది. దాంతో శేషాచలంలో గొడ్డలి చప్పుడు ఆగలేదన్నది నిజమే. కానీ చెట్టు నాటినవాడికీ చెట్టు నరికినవాడికీ తేడా చూపే కాగితం పుట్టింది. పగడానికి కావలసిందీ అలాంటి కాగితమే, దానికంటే కట్టుదిట్టంగా.

ఆ కట్టుదిట్టం ఎలా ఉండాలో ఊహించడం కష్టం కాదు. మొదటి తల్లి కాలనీలు ప్రైవేటు చేతుల్లోంచి కాక ప్రభుత్వ సంస్థల నుంచే రావాలి. తల్లి నుంచి కోసిన మొదటి ముక్కను కాకుండా, ఆ ముక్క పెరిగాక దాన్నుంచి కోసిన రెండో తరం ముక్కనే బయటికివ్వాలి. ప్రతి బిళ్లకూ సంఖ్య, తేదీతో ఫొటో, తల్లి వివరం పోర్టల్‌లో ఉండాలి. జన్యు నమూనా దాచుకుంటే అనుమానం వచ్చినప్పుడు తేల్చుకోవచ్చు. పట్టిక దాటిన ముక్క దొరికితే ఇప్పుడున్న శిక్షే పడాలి. జూలాజికల్ సర్వేకు దీఘాలో ఇప్పటికే సముద్ర అక్వేరియం, ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి. బెంగాల్‌లో పట్టుబడిన సజీవ పగడాలను దాచడానికీ, శిక్షణ ఇవ్వడానికీ అంతకంటే తగిన చోటు ఎక్కడుంటుంది? మూడు గంటల దూరంలోని ఖరగ్‌పూర్ ఐఐటీలో సముద్రాలు, నదులు, వాతావరణాన్ని అధ్యయనం చేసే కేంద్రానికి పొట్టిపేరే 'కోరల్'. నీటి రసాయనాన్ని నిరంతరం కొలిచే పరికరాల మీద పని చేయగల ఇంజినీర్లకు ఆ ఊళ్లో కొదవ లేదు.

అప్పటిదాకా

ఇలాంటి మార్పు వచ్చేదాకా చట్టం ఎలా ఉందో అలాగే వర్తిస్తుంది. ఖరగ్‌పూర్‌లో గానీ విశాఖలో గానీ ఉప్పునీటి తొట్టె పెట్టాలనుకునేవారు రాతి పగడాన్ని కొనకపోవడమే మంచిది, అమ్మేవాడు ఎంత 'సాగు ముక్క' అన్నా సరే. అలంకారానికి పెట్టే ఎండు పగడం కూడా నిషేధమే. దిబ్బ రాయికి బదులు పింగాణీ రాయి వాడవచ్చు. క్లౌన్ చేపల్లో హేచరీలో పుట్టినవి దొరుకుతున్నాయి. వాటి పెంపకాన్ని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో సాధించింది. మెత్తని పగడాల్లో చాలావాటి పేర్లు, పుట్టగొడుగు ఆకారపు పాలిప్‌లు, జోయాంథిడ్‌లు మొదటి షెడ్యూలులో లేవు. అయినా బిల్లు, దిగుమతి పత్రం అడిగి తీసుకోవడం అవసరం. ఉప్పు, క్షారత, ఉష్ణోగ్రతల క్రమశిక్షణ వాటితోనూ పూర్తిగా నేర్చుకోవచ్చు.

అలా నేర్చుకున్నవారు ఈ దేశంలో ఇప్పటికే కొంతమంది ఉన్నారు. వాళ్లను నేరస్తులుగా చూడాలో, మొక్కలమడి కాపరులుగా తయారుచేసుకోవాలో పర్యావరణ మంత్రిత్వశాఖ తేల్చుకోవాలి. 2001లో ఆ ప్రశ్నే లేదు. 2024లో నియమాలు రాసేటప్పుడు ఉంది, కానీ పక్కన పెట్టారు. లక్షద్వీప్‌లో వచ్చే వేసవి ఎలా ఉంటుందన్నదాన్ని బట్టి చూస్తే, మరోసారి పక్కన పెట్టేంత వ్యవధి లేదు.